మన దేశానికి వచ్చిన హాల్డేన్

జె.బి.ఎస్. హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. వాళ్ల నాయన కూడా శాస్త్రవేత్తే. గనుల్లోని చెడు గాలి మనిషిని ఏం చేస్తుందో తానే పీల్చి చూసేవాడు. చిన్న కొడుకుని కూడా గనిలోకి తీసుకొనిపోయేవాడు. హాల్డేన్‌కు సైన్సులో డిగ్రీ లేదు. లెక్కలు, పాత భాషలు చదివారు. ఆ లెక్కలతోనే జీవశాస్త్రంలో గొప్పవాడయ్యారు. (నాకు లెక్కలంటేనే భయం.)

1930లో ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. మనకు జన్యువులు దాదాపు అన్నీ రెండేసి ఉంటాయి, అమ్మది ఒకటి, నాయనది ఒకటి. ఒకటి చెడిపోయినా చాలాసార్లు మనిషికి ఏమీ కాదు. ఎందుకు కాదు? మా ఇంట్లో రెండు కడవలకు నీళ్లు పట్టి పెడతాం. ఒకటి పగిలినా ఆ పూట గడుస్తుంది. అయితే మిగిలిన కడవ పెద్దదై ఉండాల. హాల్డేన్ ఆలోచన ఇట్లాంటిదే. అవసరానికి మించి పనిచేసే జన్యువు ఉన్న జీవులు, జతలో ఒకటి చెడినా తట్టుకొంటాయి. వాటి పిల్లలే ఎక్కువ మిగులుతాయి. తరాలు గడిచేకొద్దీ ఆ జాతిలో అందరి కడవలూ పెద్దవవుతాయి. తర్వాతి శాస్త్రవేత్తలు వేరే కారణాలు కూడా చెప్పినారు.

రెండు కడవలూ పగిలితే మాత్రం కష్టం. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి చేస్తే అట్ల జరిగే అవకాశం ఎక్కువ. 1957లో హాల్డేన్ కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చి, తర్వాత మన పౌరసత్వం తీసుకొన్నారు. మన మేనమామ పెళ్లిళ్ల మీద ఆయనకు ఆసక్తి. ఆయన శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ, ఆంధ్రలో ఈ పెళ్లిళ్ల లెక్కలు తీశారు. మేనమామను చేసుకొంటే, ఒక జన్యువు రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకునిదే బిడ్డకు వచ్చే అవకాశం 8లో 1. మేనత్త కొడుకునైతే 16లో 1. అందరు బిడ్డలకూ జబ్బు వస్తుందని కాదు, చాలామంది బాగానే పుడతారు.

తరతరాలుగా మేనరికం చేసుకొనే జనంలో చెడ్డ జన్యువులు తగ్గిపోయి ఉంటాయని కొందరు శాస్త్రవేత్తలు అన్నారు. తగ్గేది ఎట్ల? ఆ బిడ్డలు చనిపోతేనే గదా. పుస్తకంలో అది ఒక్క వరుసే. బిడ్డను పూడ్చిన తల్లికి ఒక్క వరుస కాదు.

మా ఇంట్లో అక్కను మామకే ఇయ్యాలంటా ఉండారు. ఆస్తి కోసం కాదు, మాకు ఆస్తి ఏముంది? ఆడబిడ్డ కళ్ల ముందర ఉంటుందని. సెలవులకు పోయినప్పుడు మాయమ్మకు ఈ కడవల సంగతి చెప్పినాను. చానాసేపు ఏమీ అనలేదు. మరుసటి రోజు మళ్లీ అడిగి చెప్పించుకొనింది.

హాల్డేన్ 1962లో భువనేశ్వర్ చేరారు. కాన్సరుతో 1964 డిసెంబరు 1న అక్కడే చనిపోయారు. తన శరీరాన్ని చదువుకొనేవాళ్లకు ఇయ్యాలని ముందే రాసిపెట్టారు. దాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.