కార్ల్ విల్‌హెల్మ్ షీలే

వానాకాలమున త్రాగునీటి బావిలో బ్లీచింగు పౌడరు కలుపుట వడమాలపేట వంటి ఊళ్లవారికి క్రొత్త కాదు. ఆ తెల్లని పొడికి ఘాటును, క్రిములను చంపు శక్తిని ఇచ్చునది క్లోరిను. దాని గుణములను మొదట శ్రద్ధగా పరీక్షించి లోకమునకు తెలిపినవాడు, ఔషధశాలలో మందులు నూరుచు పెరిగిన షీలే.

షీలే 1742వ సంవత్సరము డిసెంబరు 9న, అప్పుడు స్వీడను పాలనలోనున్న ష్ట్రాల్సుండ్ పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులకు పదునొకండుగురు సంతానము. కళాశాల చదువునకు నోచుకొనక, పదునాలుగవ యేట గోథెన్‌బర్గ్ నగరమున ఒక ఔషధశాలలో పనికి కుదిరెను. పగలు పని ముగించి, రాత్రులు రసాయనశాస్త్ర గ్రంథములు చదువుచు, చదివినదానిని స్వయముగా పరీక్షించి చూచెడివాడు.

1774లో అతడు మాంగనీసు కలిగిన నల్లని ఖనిజమును, ఉప్పునుండి లభించు ఆమ్లముతో కలిపి వేడిచేసెను. పసుపు కలిసిన ఆకుపచ్చని వాయువు వెలువడెను. దాని ఘాటు ఊపిరి సలుపనీయలేదు. అందులో ఉంచిన పూలు, ఆకులు రంగు కోల్పోయెను. నిత్యము భోజనమున వాడు ఉప్పులో సోడియముతో కూడి శాంతముగానున్న పదార్థమే, విడివడగానే ఇంత తీవ్రమయ్యెను. అది మూలకమని షీలే గ్రహింపలేదు. 1810లో హంఫ్రీ డేవీ ఆ సంగతి నిరూపించి, దానికి క్లోరిను అని పేరిడెను.

ఆక్సిజనును షీలే ప్రీస్ట్‌లీ కంటె ముందే కనుగొనెను. కాని అతని గ్రంథము ఆలస్యముగా 1777లో వెలువడుటచే, కీర్తి చాలవరకు ప్రీస్ట్‌లీకే దక్కెను. అందులకు కుంగి షీలే పని మానలేదు. 1775లో స్వీడను రాజశాస్త్రపరిషత్తు అతనిని సభ్యునిగా ఎన్నుకొనెను. అయినను అతడు కోపింగ్ అను చిన్న పట్టణమునకేగి, అచ్చటి ఔషధశాలను నడుపుచు పరిశోధనలు సాగించెను.

రసాయనములను వాసన చూచి, రుచి చూచి గుర్తించుట ఆనాటి అలవాటు. షీలేయు అట్లే చేసెడివాడు. విషపదార్థముల నడుమ పనిచేయుటచే అతని ఆరోగ్యము చెడెనని పలువురి అభిప్రాయము. 1786 మే 21న, 43 ఏండ్లకే అతడు కన్నుమూసెను. అంతకు రెండు దినములు ముందు, ఔషధశాల యజమానియై గతించినవాని భార్యను వివాహమాడి, తన ఆస్తి ఆమెకు చెందునట్లు చేసెను.

1799లో చార్లెస్ టెన్నెంటు క్లోరినును సున్నముతో చేర్చి బ్లీచింగు పౌడరును తయారుచేసెను. అది మొదట బట్టలను తెల్లబరచుటకే ఉపయోగపడెను. నీటిలో కలిసినప్పుడు దానినుండి పుట్టు హైపోక్లోరస్ ఆమ్లము కలరా, టైఫాయిడు క్రిములను నశింపజేయును. 1908లో అమెరికాలోని జెర్సీ నగరమున జాన్ లీల్ అను వైద్యుడు త్రాగునీటిని నిత్యము ఈ విధముగా శుద్ధిచేయు పద్ధతిని ప్రవేశపెట్టెను.

షీలే ఆ దినమును చూడలేదు. దానివలన ధనమును గడింపలేదు. పూలను వాడజేసిన ఆ ఘాటైన వాయువే నేడు కోట్లకొలది ప్రాణములను కాపాడుచున్నది. ఫలము తనకు దక్కకున్నను సత్యమును వెదకినవాని శ్రమ వృథాపోదనుటకు షీలే జీవితమే తార్కాణము.