కాఫీ హౌస్ వెనుక ఏకేజీ

భిలాయ్ ఇండియన్ కాఫీ హౌస్‌లో కుచ్చు తలపాగాతో మనకు దోశ తెచ్చిపెట్టే వ్యక్తికి పైన సేఠ్ ఎవరూ లేరు. ఆ హోటల్‌ను నడిపేది జబల్‌పూర్ కేంద్రంగా ఉన్న కార్మికుల సహకార సంఘం. ఈ ఏర్పాటుకు దారి చూపిన నేత ఏకే గోపాలన్.

1904 అక్టోబరు 1న కన్నూర్ దగ్గరి పెరళశ్శేరిలో పుట్టిన ఆయన మొదట బడిపంతులు. తర్వాత ఉద్యోగం వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. 1931లో గురువాయూర్ ఆలయ ప్రవేశ సత్యాగ్రహంలో వలంటీర్లకు నాయకత్వం వహించి దెబ్బలు తిన్నారు. 1936లో నిరుద్యోగం, ఆకలిపై మలబారు నుంచి మద్రాసుకు జాతా నడిపించారు. విచారణ లేని నిర్బంధంపై ఆయన వేసిన కేసును 1950లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. లా విద్యార్థులు ఆ తీర్పును నేటికీ చదువుతారు. 1952 నుంచి వరుసగా ఐదుసార్లు లోక్‌సభకు గెలిచారు.

1950ల మధ్యలో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేయడం మొదలుపెట్టింది. సర్వర్లు, వంటవాళ్లు రోడ్డున పడే పరిస్థితి. ఉద్యోగాల కోసం బతిమాలడం కాదు, హోటళ్లనే మీరు తీసుకోండి అన్నది ఏకేజీ సలహా. 1957 ఆగస్టు 19న బెంగళూరులో తొలి సంఘం ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీలో సహకార కాఫీ హౌస్ తెరుచుకుంది. తర్వాత ఇతర రాష్ట్రాలకూ పాకింది.

ఏకేజీ 1977 మార్చి 22న కన్నుమూశారు. భిలాయ్‌లో ఉక్కు కర్మాగారానికి యజమాని ప్రభుత్వం. కాఫీ హౌస్‌కు మాత్రం పనిచేసేవాళ్లే యజమానులు. కాంట్రాక్టు కూలీలు పెరుగుతున్న ఈ ఊళ్లో ఆ తేడా చిన్నది కాదు.