ఒకరోజు ముందొచ్చిన గురుపూజ

సెప్టెంబరు వచ్చేసరికి ప్రత్తిపాడు నల్లరేగడిలో పత్తి పూత మీదుంటుంది, మిరపనారు నాటే హడావిడిలో ఊరుంటుంది. మావైపు పిల్లలకి ఆటంటే ముందు క్రికెట్టు, తర్వాత వాలీబాలు. కాలితో తన్నే బంతికి పెద్ద గిరాకీ లేదు. అయినా సెప్టెంబరు 4న మనమో పండగ చేసుకోవాలని నా పట్టు. 1962లో ఆ రోజే జకార్తాలో మన ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. గెలిపించింది మన హైదరాబాదు పంతులుగారు, సయ్యద్ అబ్దుల్ రహీమ్.

తెల్లవారితే సెప్టెంబరు 5. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన ఆ ఏడే ఉపాధ్యాయ దినోత్సవం మొదలైంది. దేశం తొలిసారి గురువులకి దండాలు పెట్టే ముందురోజునే ఒక మాస్టారు పతకం తెచ్చి చేతిలో పెట్టాడన్నమాట!

ఆ గెలుపు తేరగా రాలేదు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్ మీద గెలిచాంగానీ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక కాపలా కాసే ఆ మనిషిని రహీమ్ సాబ్ ఇంటికి పంపలేదు, గోల్స్ కొట్టమని ముందుకి పంపాడు! తలకట్టుతోనే సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్ వేశాడాయన. ఏ చెక్కలో ఏ పైరు పండుతుందో పట్టేసే రైతు చూపు అది. హైదరాబాదులో కూడా రహీమ్ సాబ్ వాటంలేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడు. కుడికాలి మొనగాళ్లు ఎడంకాలితో తిప్పలు పడుతుంటే చూడ్డానికి ఎంత సరదాగా ఉండేదో!

ఫైనల్లో మళ్లీ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకి రానివ్వలేదన్న గొడవలో మనవాళ్లు తప్పుపట్టి మాట్లాడారని అక్కడి జనానికి కోపం. సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది గేలి చేస్తూనే ఉన్నారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో అదే జర్నైల్. 85వ నిమిషంలో కొరియా ఒక గోల్ తిరిగి కొట్టింది, అంతే. 2-1. ఆ జట్టులో సికింద్రాబాదు తులసీదాస్ బలరామ్, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నారు. గోల్ దగ్గర పీటర్ తంగరాజ్.

అప్పటికే మాస్టారిని ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న కన్నుమూశారు. 1951లో ఢిల్లీలో తొలి బంగారం తెచ్చిందీ ఆయన జట్టే. ఈ ఆటలో మూడో ఆసియా బంగారం మనకింకా రాలేదు.

రహీమ్ మాస్టారూ, మీ జట్టుకి ప్రత్తిపాడు నుంచి జేజేలు! ఐదో తారీఖున బళ్లో వేసే దండలకి బంతిపూలు నాలుగో తారీఖు సాయంత్రమే వస్తాయి. అందులో మొదటి దండ మీకు.