ఫోస్టర్ పూదోట

పూవుల సొగసును చూచి ఆనందించేవారు లోకంలో ఎందరో ఉన్నారు. ఆ పూవు ఏ నేలలో పుట్టింది, ఏ ఋతువులో పూస్తుంది, తన తోటి జాతులతో ఎక్కడ పోలుతుంది, ఎక్కడ వేరవుతుంది అని ఏళ్ల తరబడి పరిశోధించేవారు మాత్రం అరుదు. ఇంగ్లండుకు చెందిన సర్ మైకేల్ ఫోస్టర్ అటువంటి అరుదైనవారిలో ఒకడు. వృత్తిరీత్యా ఆయన శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. తీరిక వేళల్లో ఐరిస్ మొక్కల ఆరాధకుడు. ఈ రెండు రంగాలలోనూ తాను ఆర్జించినదానిని ఆయన దాచుకొనలేదు, పదిమందికీ పంచిపెట్టాడు.

ఫోస్టర్ 1836 మార్చి 8వ తేదీన హంటింగ్డన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి శస్త్రవైద్యుడు. వారిది బాప్టిస్టు శాఖకు చెందిన క్రైస్తవ కుటుంబం. ఆ కాలంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని పదవులు, గౌరవాలు అధికార మతశాఖను అంగీకరించినవారికే దక్కేవి. పుట్టిన ఊరికి సమీపంలోనే ఉన్నప్పటికీ ఆ విద్యాపీఠం ప్రతిభావంతుడైన ఆ బాలునికి అందలేదు. ఆయన లండను వెళ్లి యూనివర్సిటీ కళాశాలలో చేరాడు. 1854లో ప్రాచీన భాషాసాహిత్యాలలో పట్టభద్రుడై, అటుపిమ్మట వైద్యవిద్య నభ్యసించి 1859లో ఎం.డి. పట్టాన్ని పొందాడు.

అంతలోనే క్షయవ్యాధి లక్షణాలు పొడసూపాయి. ఆరోగ్యం కోసం ఓడ వైద్యునిగా ఎర్రసముద్ర ప్రాంతానికి ప్రయాణం చేశాడు. తిరిగి వచ్చి కొన్నేళ్లు స్వస్థలంలో తండ్రితో కలిసి వైద్యం చేశాడు. 1867లో తాను చదివిన కళాశాలలోనే శరీరధర్మశాస్త్ర బోధకుడయ్యాడు. 1870లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల ఆయనను బోధనకు ఆహ్వానించింది. ఆ మరుసటి సంవత్సరమే విశ్వవిద్యాలయంలోని మతనిబంధనలు చట్టం ద్వారా తొలగిపోయాయి. ఒకనాడు తనకు అందని ఆ విద్యాపీఠంలోనే 1883లో ఆయన శరీరధర్మశాస్త్రానికి తొలి ఆచార్యుడయ్యాడు.

గ్రంథాలు వల్లించడంకంటె ప్రయోగశాలలో స్వయంగా చేసి తెలుసుకోవడమే శాస్త్రవిద్య అని ఫోస్టర్ విశ్వసించాడు. లాంగ్లీ, గాస్కెల్, షెరింగ్టన్ వంటి మహాశాస్త్రజ్ఞులు ఆయన శిక్షణలో రూపొందారు. వీరిలో షెరింగ్టన్ 1932లో నోబెల్ బహుమతి నందుకొన్నాడు. ఫోస్టర్ స్వయంగా చేసిన పరిశోధనలకంటె ఆయన తీర్చిదిద్దిన శిష్యులు చేసిన పరిశోధనలే ఘనమైనవి. 1878లో శరీరధర్మశాస్త్రానికి ప్రత్యేకంగా ఒక పత్రికను స్థాపించి, తన శిష్యుల కృషి లోకానికి తెలిసే మార్గం కల్పించాడు. 1881 నుండి 1903 వరకు రాయల్ సొసైటీ కార్యదర్శిగా పనిచేశాడు.

ఇన్ని బాధ్యతల నడుమ ఆయన మనస్సు సేదదీరిన చోటు కేంబ్రిడ్జికి దగ్గరలోని గ్రేట్ షెల్ఫర్డ్ గ్రామం. అక్కడ సున్నపురాతి గుట్టమీద ఆయన ఇల్లు, తోట ఉండేవి. నీరు నిలువని ఆ నేలలో ఆయన దేశదేశాల ఐరిస్ మొక్కలను పెంచాడు. గ్రీకుల పురాణాలలో ఐరిస్ ఇంద్రధనుస్సుకు అధిదేవత. పలు వన్నెల పూవులు గల ఈ మొక్కకు ఆ పేరు తగినదే. మనకు సుపరిచితమైన కుంకుమపువ్వు కూడ ఈ కుటుంబానికి చెందినదే. ఐరిస్ జాతులలో కొన్నింటికి పసుపు, అల్లం వలె భూమిలో కొమ్ములుంటాయి. మరికొన్నింటికి ఉల్లి వలె లశునాలుంటాయి. ఈ లశున జాతులపై ఫోస్టర్ ప్రత్యేక శ్రద్ధ వహించాడు.

వానిలో రెటిక్యులేటా వర్గం మిక్కిలి మనోహరమైనది. ఈ వర్గపు లశునాన్ని చుట్టి వలవంటి నారపొర ఉంటుంది. వల అనే అర్థమిచ్చే లాటిన్ పదమే ఆ పేరుకు మూలం. పూచే వేళకు జానెడు ఎత్తయినా లేని ఈ మొక్కలు, ఇంగ్లండులో చలి ఇంకా వీడకముందే, ఫిబ్రవరి, మార్చి నెలలలో నేలను చీల్చుకొని వచ్చి పూస్తాయి. తురుష్కదేశం, కాకసస్, ఇరాను మొదలైన ప్రాంతాల కొండలు వీని పుట్టినిళ్లు. అక్కడ వేసవి పొడిగా ఉంటుంది. కాబట్టి ఆకులు ఎండిన పిమ్మట లశునాలకు తడి తగులరాదు, తగిలితే కుళ్లిపోతాయి. డాన్ఫోర్డియే అనే పసుపువన్నె జాతి లశునం ఒకసారి పూచిన తరువాత పలు చిన్న లశునాలుగా చీలిపోతుంది. అవి ఎదిగి మరల పూయడానికి ఏళ్లు పడుతుంది. తొందరపడేవారికి ఈ పెంపకం కలిసిరాదు.

వీనిని గుర్తించడం పెంచడంకంటె కష్టం. రంగు ఒక్కటే చూచి నిర్ణయిస్తే పొరపాటు తప్పదు; ఒకే జాతిలో రంగులు మారుతుంటాయి. అందుచేత ఫోస్టర్ సజీవమైన మొక్కను ముందుంచుకొని ఆకు, పూవు, లశునపు పొర అన్నింటినీ పరిశీలించాడు. రెటిక్యులేటా ఆకును అడ్డంగా కోస్తే నాలుగు పలకలు కనిపిస్తాయి. రూపంలో దానిని పోలిన మరొక మొక్క ఆకుకు ఎనిమిది అంచులుండి, అది ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. ఈ భేదం గల మొక్కను ఆయన వేరు జాతిగా నిర్ణయించి, క్యూ ఉద్యానానికి చెందిన శాస్త్రజ్ఞుడు బేకర్ గౌరవార్థం 1889లో బేకరియానా అని నామకరణం చేశాడు. అంతకుముందు 1885లో, నజరేతు పట్టణంలో వైద్యసేవ చేస్తున్న డాక్టర్ వార్టన్ పేరుతో మరొక చిన్న జాతికి వార్టానీ అని పేరుపెట్టాడు. ఇది శీతకాలంలోనే పూస్తుంది. పూవుకు బాదం పరిమళం ఉంటుంది.

తాను వెళ్లలేని దేశాలనుండి మొక్కలు తెప్పించుకోవడానికి ఫోస్టర్ వైద్యులతో, మతప్రచారకులతో, యాత్రికులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాడు. అలా వచ్చిన మొక్కలను పరస్పరం సంకరం చేశాడు. విత్తిన గింజ మొలిచి పూయడానికి కొన్ని సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చేది. అమాస్యా ప్రాంతంనుండి ఆయనకు చేరిన పెద్దపూల ఐరిస్ కొమ్ముజాతులకు చెందినది. దానివంటి మొక్కలలో క్రోమోజోముల సంఖ్య రెట్టింపై ఉన్నదని ఆనాటివారికి తెలియదు. కాని నేటి ఉద్యానాలలోని పెద్ద ఐరిస్‌ల వంశావళిలో అటువంటి మొక్కలకు ముఖ్యస్థానముంది. లశున జాతులపై తనకు తెలిసిన విషయాలను 1892లో చిన్న పుస్తకంగా వెలువరించాడు.

1899లో ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదమిచ్చింది. 1900 నుండి 1906 వరకు పార్లమెంటు సభ్యునిగా ఉన్నాడు. 1907 జనవరిలో లండనులో హఠాత్తుగా మరణించాడు. ఐరిస్ జాతులన్నింటినీ సమగ్రంగా వివరించే మహాగ్రంథం ఆయన చేతిమీదుగా రాలేదు. అనేక సంవత్సరాలు కూడబెట్టిన పరిశీలనలు వ్రాతకాగితాలలోనే మిగిలిపోయాయి.

ఆ కాగితాలు మరుగున పడి ఉంటే ఒక జీవితకాలపు శ్రమ మట్టిలో కలిసిపోయేది. అట్లు జరుగలేదు. అవి విలియం రికట్సన్ డైక్స్ అనే పాఠశాల ఉపాధ్యాయునికి అందాయి. డైక్స్ వానిని శ్రద్ధగా చదివి, తన పరిశోధనను జోడించి, 1913లో ఐరిస్ ప్రజాతిపై ప్రామాణిక గ్రంథాన్ని ప్రకటించాడు. తరువాతి పరిశోధకులకు అది దారిచూపింది. బ్రిటనులోని ఐరిస్ సంఘం విశిష్టసేవ చేసినవారికి ఇచ్చే పురస్కారానికి ఫోస్టర్ పేరే పెట్టారు.

ప్రయోగశాలలో ఫోస్టర్ మొదలుపెట్టిన పనిని శిష్యులు ముందుకు తీసుకొనిపోయారు. తోటలో ఆయన మొదలుపెట్టిన పనిని డైక్స్ పూర్తిచేశాడు. తాను పూర్తిచేయలేని పనిని కూడ ఇతరులు కొనసాగించేటట్లు వ్రాసి ఉంచడం విద్యావంతుని బాధ్యత. ఆ బాధ్యతను నెరవేర్చినందువల్లనే ఫోస్టర్ శ్రమ ఆయనతో ముగిసిపోలేదు.