ఇంజిన్ గెలిచింది.. విమానం ఓడింది

రిమోట్‌తో ఎగిరే బుల్లి విమానం ఒకటి తయారు చేద్దామని కూర్చున్నారనుకోండి. మొట్టమొదట వచ్చే సందేహం ఏంటి? ఏ ఇంజిన్ కొనాలి! బ్యాటరీతో తిరిగే మోటారా, గ్లో ఇంజినా, పెట్రోల్ ఇంజినా? ఎన్ని సీసీ ఉండాలి, ఎన్ని వాట్లు కావాలి? కాలేజీ హాస్టల్ గదుల్లో ఈ చర్చ మొదలైతే తెల్లారినా తెగదు. ఇంచుమించు ఇదే ప్రశ్నతో 130 ఏళ్ల కిందట ఓ పెద్దాయన ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. ఆయనకు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకునే వీలు లేదు. ఇంజిన్ కావాలంటే తనే చేయించుకోవాలి. ఆయన పేరు శామ్యూల్ పియర్‌పాంట్ లాంగ్లీ.

రైట్ సోదరుల కథ మీకు తెలిసే ఉంటుంది. వాళ్లు గెలవడానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు ఓడిపోయిన మనిషి కథ ఇది. మీలో ఎవరైనా మోడల్ విమానాల జోలికి వెళ్లాలనుకుంటే, ముందు ఈయన గురించి చదవండి.

కాలేజీ మెట్లెక్కని ప్రొఫెసర్

లాంగ్లీ 1834 ఆగస్టు 22న అమెరికాలోని బోస్టన్ పక్కన రాక్స్‌బరీలో పుట్టారు. హైస్కూలుతోనే చదువు ఆగిపోయింది. షికాగో, సెయింట్ లూయిస్ నగరాల్లో ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ పనులు చేసుకున్నారు. కానీ మనసంతా ఆకాశం మీదే. తమ్ముడు జాన్‌తో కలిసి సొంతంగా టెలిస్కోప్‌లు చేసుకున్నారు. ఆ చేతి పనే ఆయన్ని హార్వర్డ్ అబ్జర్వేటరీ దాకా తీసుకెళ్లింది. 1867లో పిట్స్‌బర్గ్ దగ్గర ఎలిగెనీ అబ్జర్వేటరీకి డైరెక్టరయ్యారు, ప్రొఫెసర్ కూడా అయ్యారు.

అక్కడ డబ్బుల్లేవు. దానికి ఆయన కనిపెట్టిన దారి చూడండి. నక్షత్రాలను చూసి కచ్చితమైన టైమ్ లెక్కగట్టి, టెలిగ్రాఫ్ తీగల మీదుగా రైల్వే కంపెనీకి అమ్మారు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే సబ్‌స్క్రిప్షన్ సర్వీసు అన్నమాట! ఆ డబ్బుతో సూర్యుడిపై పరిశోధన సాగించారు. వేడిలో అతి స్వల్ప తేడాను సైతం పట్టేసే బోలోమీటర్ ఆయన తయారుచేసిందే. 1887లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు సెక్రటరీ అయ్యారు. అమెరికా సైన్స్ రంగంలో అంతకంటే పెద్ద కుర్చీ దాదాపు లేదు.

ఆ కుర్చీకి కాస్త ముందు, 1886లో, ఓ సైన్స్ సభలో పక్షులు ఎగరడంపై జరిగిన చర్చ విన్నారు. అప్పటికి 52 ఏళ్లు. ఆ వయసులో పట్టుకుంది విమానాల పిచ్చి.

రబ్బరు నుంచి ఆవిరి దాకా

ముందు కొలతలు మొదలుపెట్టారు. అబ్జర్వేటరీ ఆవరణలో దాదాపు 18 మీటర్ల వ్యాసంతో గిరగిరా తిరిగే పెద్ద చెక్క చేతిని కట్టించి, దాని కొసన పలకలు, రెక్కలు బిగించి గాలి వాటిని ఎంత పైకి లేపుతోందో కొలిచారు. తర్వాత మెలిపెట్టిన రబ్బరుతో ఎగిరే చిన్న మోడళ్లు చేశారు. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్ఫోన్స్ పెనో 1871లో చూపించిన పద్ధతి అది. చిక్కేంటంటే రబ్బరు బలం కొన్ని సెకన్లలో అయిపోతుంది. అంత తక్కువ సమయంలో ఏం నేర్చుకుంటాం?

అందుకే అసలు వెతుకులాట మొదలైంది. స్ప్రింగులు, గన్‌పౌడర్, పీడనంతో నింపిన గాలి, కార్బన్ డయాక్సైడ్, విద్యుత్తు.. ఒక్కోదాన్నీ బేరీజు వేశారు. బ్యాటరీలు అప్పట్లో మహా బరువు. కార్బన్ డయాక్సైడ్ ఇంజిన్‌తో తంటాలు పడ్డారు గానీ ఫలితం దక్కలేదు. పెట్రోల్ ఇంజిన్లు ఇంకా పసితనంలో ఉన్నాయి. చివరికి ఆవిరి ఇంజిన్ దగ్గర ఆగారు. అదీ ఊరికే రాలేదు. మొదట చేసిన ఆవిరి మోడళ్లు ఎగరలేనంత బరువు తేలాయి. ఎందుకంటే ఆవిరి ఇంజిన్ అంటే ఇంజిన్ ఒక్కటే కాదు. బాయిలరు, బర్నరు, ఇంధనం, నీళ్లు అన్నీ మోయాలి.

ఇక్కడో చిన్న ఉపాయం గమనించండి. తయారైన మోడల్‌ను లోలకంలా వేలాడదీసి, ఇంజిన్ నడిపి, ప్రొపెల్లర్లు దాన్ని ఎంత ముందుకు నెడుతున్నాయో వర్క్‌షాప్‌లోనే కొలిచేవారు. ఇంజిన్ ఎంత గట్టిగా తిరుగుతోందన్నది కాదు, మొత్తం బరువుతో పోలిస్తే ఎంత నెడుతోందన్నదే ఆయన లెక్క.

1896 మే 6న వర్జీనియాలోని క్వాంటికో దగ్గర, పొటోమాక్ నదిలో నిలిపిన పడవ ఇంటి కప్పు మీద నుంచి ఐదో నంబరు మోడల్‌ను స్ప్రింగు యంత్రంతో వదిలారు. రెక్కల వెడల్పు సుమారు 4.2 మీటర్లు, బరువు దాదాపు 11 కిలోలు, ఒక హార్స్‌పవర్ ఆవిరి ఇంజిన్. అది మెల్లగా చక్కర్లు కొడుతూ పైకి లేచి, కిలోమీటరు దూరం ఎగిరి, నీళ్లయిపోగానే బుద్ధిగా నది మీద వాలింది. మనిషి లేకపోయినా, గాలికన్నా బరువైన యంత్రం సొంత ఇంజిన్‌తో అంత దూరం నిలకడగా ఎగరడం అదే మొదలు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ అక్కడే నిలబడి ఫొటో తీశారు. నవంబరులో ఆరో నంబరు మోడల్ సుమారు 1,460 మీటర్లు ఎగిరింది.

లాంగ్లీకి 62 ఏళ్లు. తన వంతు పని అయిపోయింది, మిగతాది వేరేవాళ్లు చూసుకుంటారని అనుకున్నారు కూడా. అక్కడే ఆగి ఉంటే?

నాలుగు రెట్ల చిక్కు

ఆగనివ్వలేదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. మనిషిని మోసే విమానం కోసం అమెరికా యుద్ధ శాఖ 50 వేల డాలర్లిచ్చింది. లాంగ్లీ ఎంచుకున్న దారి సూటిగా ఉంది. ఎగిరిన మోడల్‌నే పెద్దది చేద్దాం, దానికి శక్తిమంతమైన పెట్రోల్ ఇంజిన్ పెడదాం!

ఇప్పుడు మీరే లెక్క వేయండి. ఓ మోడల్‌ను అన్ని వైపులా నాలుగు రెట్లు పెంచితే రెక్కల వైశాల్యం 16 రెట్లవుతుంది. బరువు 64 రెట్లవుతుంది. చిన్న మోడల్‌లో గట్టిగా నిలిచిన కర్ర, తీగ పెద్దదానిలో అలా నిలవవు. ఫిజిక్స్ పుస్తకంలో ఉన్న ఈ మాటే ప్రాణాల మీదకు తెచ్చింది.

ఇంజిన్ పనిని న్యూయార్క్‌కు చెందిన స్టీఫెన్ బాల్జర్‌కు అప్పగించారు. 12 హార్స్‌పవర్ కావాలంటే ఆయన ఇంజిన్ అంతదాకా రాలేదు. అప్పుడు రంగంలోకి దిగాడు చార్లెస్ మ్యాన్లీ. కార్నెల్ యూనివర్సిటీ నుంచి అప్పుడే బయటికొచ్చిన 22 ఏళ్ల కుర్రాడిగా లాంగ్లీ దగ్గర చేరాడు. మీ వయసే! ఆ ఇంజిన్‌ను విప్పి మళ్లీ కట్టాడు. తిరిగే సిలిండర్లను కదలకుండా బిగించాడు, నీటితో చల్లబరిచాడు. చివరికి ఐదు సిలిండర్లతో 52 హార్స్‌పవర్ రాబట్టాడు. నీళ్లు, బ్యాటరీలతో కలిపి బరువు వంద కిలోల లోపే. ఆ రోజుల్లో అంత తేలికగా ఉండి అంత శక్తినిచ్చే విమాన ఇంజిన్ ఇంకోటి లేదు.

1903 అక్టోబరు 7న మ్యాన్లీయే పైలట్‌గా కూర్చున్నాడు. పడవ మీద నుంచి వదలగానే విమానం ముక్కు కిందికి పెట్టి నదిలో పడింది. డిసెంబరు 8న రెండోసారి వదిలారు. ఈసారి వెనక రెక్కలు, తోక విరిగిపోయాయి. గడ్డకట్టే చలిలో, నీళ్ల కింద ఇరుక్కున్న మ్యాన్లీ చావు తప్పించుకుని బయటపడ్డాడు. పత్రికలు ఎగతాళి చేశాయి, చట్టసభల్లో సభ్యులు దుమ్మెత్తిపోశారు. వదిలే యంత్రానిదే తప్పని లాంగ్లీ నమ్మారు. విమానం కట్టుబడిలోనే బలం చాలలేదని తర్వాతి ఇంజినీర్లు చాలామంది తేల్చారు.

డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరారు. వాళ్ల ఇంజిన్ ఎంతనుకున్నారు? కేవలం 12 హార్స్‌పవర్, బరువు సుమారు 80 కిలోలు. సైకిల్ షాపులో పనిచేసే చార్లీ టేలర్ దాన్ని ఆరు వారాల్లో చేసిచ్చాడు. అయితే అంతకుముందు ఏడాదే ఇంజిన్ లేని గ్లైడర్‌తో అన్నదమ్ములిద్దరూ వందల సార్లు ఎగిరి, విమానాన్ని ఎలా అదుపు చేయాలో ఒంటికి పట్టించుకున్నారు. లాంగ్లీ విమానంలో పక్కలకు ఒరిగితే సరిచేసే ఏర్పాటే లేదు. దిగడానికి చక్రాలూ లేవు.

మీ మోడల్‌కి ఏం పెడతారు?

ఇది నాకూ అనుభవమే. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో నా మొదటి ట్రైనర్ విమానానికి, ప్లాన్‌లో చెప్పినదానికంటే పెద్ద ఇంజిన్ బిగించాను. ముక్కు బరువైంది. సరిచేద్దామని తోకలో సీసం ముక్కలు పెట్టాను. బరువు ఇంకా పెరిగింది, దిగే వేగమూ పెరిగింది. మూడోసారి దింపుతుంటే ముక్కు దగ్గర ప్లైవుడ్ ఊడి ఇంజిన్ విడిగా దొర్లుకుంటూ పోయింది. ఇంజిన్‌కి గీత పడలేదు. విమానమే పోయింది!

అందుకే మీకో మాట. ముందు విమానాన్ని ఎంచుకోండి, దాని ప్లాన్‌లో చెప్పిన పరిధిలోనే ఇంజిన్ చూడండి. మోటారు ఒక్కదాన్నే తూచకండి, బ్యాటరీ, స్పీడ్ కంట్రోలర్, ప్రొపెల్లర్ కలిపి తూచండి. లాంగ్లీ బాయిలరు, నీళ్లు కలిపి తూచినట్టు! ట్రైనర్‌కైతే నెట్టే బలం మొత్తం బరువులో సగం నుంచి మూడొంతుల్లో రెండొంతుల దాకా ఉంటే నిక్షేపంగా ఎగురుతుంది. దాన్ని కొలవడానికి లోలకం కూడా అక్కర్లేదు, ఓ స్ప్రింగు త్రాసు చాలు. బరువు కేంద్రం ప్లాన్‌లో గుర్తుపెట్టిన చోటే ఉందో లేదో చూసుకోండి. వీలైతే ఇంజిన్ లేని గ్లైడర్‌తోనే చేయి తిప్పుకోండి.

లాంగ్లీ 1906 ఫిబ్రవరి 27న కన్నుమూశారు. అమెరికా నావికా దళం తన మొట్టమొదటి విమానవాహక నౌకకు ఆయన పేరే పెట్టింది. నాసా పరిశోధన కేంద్రాల్లో ఒకటి ఇవాళ్టికీ ఆ పేరుతోనే ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. 1899లో విల్బర్ రైట్ అనే సైకిల్ షాపు యజమాని, ఎగరడం గురించి చదవడానికి ఏమున్నాయో చెప్పమంటూ స్మిత్సోనియన్‌కు ఉత్తరం రాశాడు. లాంగ్లీ నడిపిన ఆ సంస్థ కొన్ని పుస్తకాలు పంపి, ఇంకేవి చదవాలో చెప్పింది. వాటిలో లాంగ్లీ కొలతలూ ఉన్నాయి. గాలిలో ఎగిరే యంత్రం సాధ్యమేనని, అంత పెద్ద కుర్చీలోని మనిషే నమ్ముతున్నాడన్న ధైర్యం ఆ అన్నదమ్ములకు అక్కడే దొరికింది.