అయాన్ల కొలత చెప్పిన గోల్డ్‌ష్మిట్

మన ఆలమూరు బడిలో పదో తరగతి చదివే రోజుల్లో, సోడియం పరమాణువు కంటే దాని అయాన్ ఎందుకు చిన్నదని మాస్టారు అడిగితే నోరు వెళ్లబెట్టాను. పోయేది ఒక్క ఎలక్ట్రానే కదా! మర్నాడు ఆయన ఒలవని కొబ్బరికాయ ఒకటి, ఒలిచినది ఒకటి తెచ్చి బల్లమీద పెట్టారు. ఆ ఒక్కదానితో పైకక్ష్య మొత్తం పోతుంది, మిగిలిన 10 ఎలక్ట్రాన్లను 11 ప్రోటాన్లు దగ్గరకు లాక్కుంటాయి. క్లోరిన్‌ది ఇందుకు ఎదురు. ఒకటి అదనంగా చేరి 18 అయ్యేసరికి ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుని ఉబ్బుతుంది.

ఈ కొలతలకు నమ్మదగ్గ పెద్ద పట్టిక కట్టినవారు విక్టర్ గోల్డ్‌ష్మిట్ అని ఇంజనీరునయ్యాక తెలుసుకున్నాను. 1888లో జ్యూరిక్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి రసాయనశాస్త్ర ప్రొఫెసర్. ఆయన ఉద్యోగరీత్యా 1901లో నార్వే చేరారు. గోల్డ్‌ష్మిట్ 23 ఏళ్లకే డాక్టరేటు పొందారు, 26 ఏళ్లకు ప్రొఫెసరయ్యారు.

అయాన్‌ను విడిగా కొలవలేం. ఎక్స్ కిరణాలు చెప్పేది రెండు అయాన్ల కేంద్రాల మధ్య దూరమే. సోడియం ఫ్లోరైడ్‌లో అది 2.31 ఆంగ్‌స్ట్రాములు. ఫ్లోరైడ్‌కు 1.33 తీసేస్తే సోడియానికి మిగిలేది 0.98. ఇలా ఒకదాన్నుంచి ఒకటి తేల్చుకుంటూ 1926లో పట్టిక ప్రచురించారు. సైజు దగ్గరగా ఉన్న అయాన్లు స్ఫటికంలో ఒకదాని చోట ఒకటి సర్దుకుంటాయని చూపించారు. మన ఆంధ్ర తీరపు ఇసుకలో దొరికే మోనజైట్‌లో సీరియంతోపాటు థోరియం ఉండటానికి ఒక కారణం ఇదే.

1929లో జర్మనీలోని గొట్టింగెన్ వెళ్లారు. నాజీల ద్వేషం భరించలేక 1935లో తిరిగొచ్చారు. నార్వే ఆక్రమణలో ఉండగా 1942 నవంబరు 26న ఓస్లో రేవులో, ఆష్‌విట్జ్‌కు పంపే యూదుల వరుసలో నిలబెట్టారు. ఈయన విజ్ఞానం దేశానికి అవసరమని సహచరులు పట్టుబట్టడంతో చివరి నిమిషంలో బయటకు లాగారు. ఓడ ఎక్కిన 500 మందికి పైగా జనంలో బతికి వచ్చినవారు కొద్దిమందే. ఈయన స్వీడన్‌కు, అక్కడినుంచి బ్రిటన్‌కు తప్పించుకున్నారు. ఆరోగ్యం మాత్రం తిరిగి రాలేదు. 1946లో ఓస్లో చేరి, మరుసటి మార్చిలో 59వ ఏట కన్నుమూశారు. ఆయన రాస్తూ వదిలిన భూరసాయన శాస్త్ర గ్రంథం 1954లో అచ్చయింది.

పట్టికలోని 0.98 వెనుక ఇంత బతుకుందని ఆనాడు తెలియదు. మన బడిలో ఇప్పుడు పాఠం చెప్పే మాస్టార్లకు నాదో విన్నపం. ఆ అంకె రాయించిన రోజున ఈ పెద్దాయన పేరు కూడా ఒకసారి చెప్పండి. పక్కన ఒలిచిన కొబ్బరికాయ ఒకటి ఉంటే మరీ మంచిది.