చూపు నిలిపిన దానం: ఎల్.వి. ప్రసాద్ జీవితం

ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో 1908 జనవరి 17న ఒక రైతు ఇంట అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు జన్మించారు. లోకం ఎరిగిన పేరు ఎల్.వి. ప్రసాద్. కొల్లేరు పల్లెల్లోనూ, తాడేపల్లిగూడెంలోనూ పాత తరం వారిని అడిగితే ఆయన సినిమాల పేర్లు వరుసగా చెబుతారు. మేము ఈ వారం ముఖ్యంగా చెప్పదలచింది ఆయన సంపాదన ఎక్కడికి చేరిందన్న సంగతి.

ఆయనకు చదువు పెద్దగా అబ్బలేదు. ఇంటిని అప్పులు చుట్టుముట్టాయి. ఎవరికీ చెప్పకుండా బొంబాయి చేరి, సినిమా కంపెనీలో చిల్లర పనులు చేశారు. 1931లో అర్దేషిర్ ఇరానీ తీసిన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'లో చిన్న వేషం దొరికింది. మన ఇళ్ళలో పలికే ఉర్దూ వెండితెర మీద మొదటిసారి వినిపించిన చిత్రమది. అదే ఏడు తమిళ 'కాళిదాస్'లో, 1932లో తెలుగు 'భక్త ప్రహ్లాద'లో కూడా నటించారు.

తరువాత దర్శకులయ్యారు. 1949 నాటి 'మనదేశం'తో ఎన్.టి. రామారావును తెరకు పరిచయం చేశారు. 'షావుకారు', 'పెళ్ళిచేసి చూడు', 'మిస్సమ్మ' ఆయన తీసినవే. 1956లో సొంత నిర్మాణ సంస్థ పెట్టి, హిందీలో 'మిలన్', 'ఖిలౌనా', 'ఏక్ దూజే కే లియే' వంటి చిత్రాలు నిర్మించారు. మద్రాసులో ఫిల్మ్ లేబొరేటరీ స్థాపించారు. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనను వరించింది.

అప్పటికే డబ్బు, పేరు రెండూ ఉన్నాయి. అమెరికాలో నేత్రవైద్యునిగా పేరు పొందిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి తలపెట్టినప్పుడు, ప్రసాద్ గారి కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. 1987లో ఆయన పేరిట ఆ సంస్థ మొదలైంది. ఇవ్వగలిగిన వారు రుసుము చెల్లిస్తారు. లేనివారికి అదే వైద్యం ఉచితం. చికిత్స పొందే వారిలో సగం మందికి పైగా పైసా చెల్లించని వారే. ఇప్పుడు విజయవాడలోనూ శాఖ ఉన్నందున మన ప్రాంతం వారికి ప్రయాణ భారం తగ్గింది.

1994 జూన్ 22న ప్రసాద్ గారు కన్నుమూశారు. ఆసుపత్రి మాత్రం ఆగలేదు. ఆగని దానాన్ని మన పెద్దలు సదఖయె జారియా అంటారు. ఆ మాటకు అర్థం ఇక్కడ కళ్ళకు కడుతుంది.

పరదేశాల్లో కష్టపడి సంపాదించి పంపే బిడ్డలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. ఒక పూట విందుకు వెచ్చించే సొమ్ములో కొంతైనా, పని తెలిసిన సమర్థుల చేతికి అందితే తరాలు నిలుస్తుంది. ఈ సంగతి పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవాలని మనవి.